మన్యం రికార్డుల్లో చోటు దొరకని వణుకు: తూర్పు కనుమల్లో వ్యాధినమోదు చరిత్ర, పార్కిన్సన్స్ రిజిస్ట్రీ ఆవశ్యకత

వ్యాససంగ్రహం

ఒక ప్రాంతంలో ఏయే వ్యాధులున్నాయో తెలుసుకోవడానికి ప్రభుత్వ రికార్డులే ప్రధానాధారం. అయితే రికార్డులోకి ఎక్కిన వ్యాధులు కొన్నే. అవి ఎక్కడానికి కారణాలు వైద్యపరమైనవి మాత్రమే కావు, పాలనాపరమైనవి కూడా. అరకులోయ, పాడేరు, చింతపల్లి మొదలైన ప్రాంతాలతో కూడిన తూర్పు కనుమల మన్యంలో 19వ శతాబ్ది నుంచి నేటి వరకు వ్యాధినమోదు ఏ క్రమంలో సాగిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మన్యం జ్వరం, మలేరియా, కుష్ఠు, క్షయ, సికిల్ సెల్ రక్తహీనత లెక్కలోకి వచ్చిన తీరును వివరించి, పార్కిన్సన్స్ వంటి నెమ్మదైన, వార్ధక్యసంబంధమైన నాడీవ్యాధికి ఆ వరుసలో చోటు ఎందుకు దొరకలేదో చర్చిస్తుంది. ఇప్పటికే ఉన్న ప్రభుత్వ పత్రాల ఆధారంగా అటువంటి రిజిస్ట్రీ ఏర్పాటు సాధ్యమేనని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మన్యం, ఏజెన్సీ పాలన, వ్యాధినమోదు, రిజిస్ట్రీ, పార్కిన్సన్స్ వ్యాధి, సికిల్ సెల్, అరకులోయ, ప్రజారోగ్య చరిత్ర.

1. ప్రస్తావన

ప్రజారోగ్య చరిత్రను రాసేవారు సాధారణంగా అంటువ్యాధులతో మొదలుపెడతారు. మశూచి, కలరా, ప్లేగు, మలేరియా ప్రభుత్వాన్ని కదిలించాయి. కదిలిన ప్రభుత్వం కాగితం మీద జాడ వదిలింది. ఆ జాడే నేటి పరిశోధకుడికి ఆకరం. కదిలించని వ్యాధులు జాడ వదలలేదు. పదేళ్లో పదిహేనేళ్లో మెల్లగా ముదిరి, చేతిని వణికించి, అడుగును కుదించి, మాటను సన్నగిల్లజేసే పార్కిన్సన్స్ వ్యాధి అటువంటిది. అది ఒకరి నుంచి ఒకరికి సోకదు. ఒక్కసారిగా పదిమందిని పడగొట్టదు. రోడ్డు పనిని గాని, రైలు పనిని గాని ఆపదు. వయసు మళ్లినవారిలోనే ఎక్కువగా కనిపిస్తుంది కనుక ముసలితనం అన్న మాటలో కలిసిపోతుంది.

మైదానంలో ఈ వ్యాధి ఉన్నవారిలో కొందరైనా నాడీవైద్యుని వద్దకు చేరి, కనీసం ఆసుపత్రి చీటీలో పేరుగా మిగులుతారు. అరకు నుంచి విశాఖపట్నం దాదాపు 115 కిలోమీటర్లు. రోడ్డు లేని గూడెం నుంచి రోడ్డున్న ఊరి వరకు రోగిని డోలీలో మోసుకురావలసిన పల్లెలు మన్యంలో ఇప్పటికీ ఉన్నాయి. ప్రసవానికో పాముకాటుకో డోలీ కడతారు. చేయి వణుకుతోందని ఎవరూ డోలీ కట్టరు. కాబట్టి ఆసుపత్రికి వచ్చినవారిని మాత్రమే లెక్కించే పద్ధతి మన్యంలో ఈ వ్యాధిని చూడలేదు. ఇది వైద్యవిషయమే అయినా, దీని మూలం పాలనాచరిత్రలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదన.

2. రిజిస్టరు, రిజిస్ట్రీ: భేదవివేచన

ఈ రెండు పదాలను వాడుకలో ఒకే అర్థంలో ప్రయోగిస్తున్నప్పటికీ చరిత్రరచనలో వీటి భేదాన్ని పాటించడం అవసరం. రిజిస్టరులో నమోదయ్యేది సంఘటన. ఫలానా రోజున ఫలానా కేంద్రంలో ఇన్ని జ్వరాలు, ఇన్ని మరణాలు అని అది చెబుతుంది. ఒకే మనిషికి ఏడాదిలో మూడుసార్లు మలేరియా వస్తే అక్కడ మూడు అంకెలు పడతాయి. రిజిస్ట్రీలో నమోదయ్యేది వ్యక్తి. ఒకే రోగి రెండు ఆసుపత్రులకు వెళ్లినా అతణ్ణి ఒకరిగానే గుర్తించాలి. వ్యాధి బయటపడిన నాటి నుంచి మరణం వరకు అతని స్థితిని అనుసరించాలి. అందుకు వ్యక్తి పేరు, వయస్సు, నివాసం, మరణం అనే నాలుగు వివరాలు నమ్మదగిన రీతిలో ఉండాలి.

మనదేశంలో ఈ పద్ధతికి ప్రముఖమైన ఉదాహరణ భారత వైద్య పరిశోధనా మండలి 1981లో ప్రారంభించిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం. బెంగళూరు, ముంబయి, చెన్నై నగరాల్లో ఆ జనాభా ఆధారిత రిజిస్ట్రీలు తొలుత పనిచేశాయి. అవి మహానగరాల్లో మొదలవడం యాదృచ్ఛికం కాదు. పైన చెప్పిన నాలుగు వివరాలు తేలికగా లభించేది అక్కడే. ఆ నాలుగూ మన్యంలో ఎప్పుడు, ఎలా ఏర్పడ్డాయన్నది తరువాతి ప్రశ్న.

3. మన్యం జ్వరం: లెక్కలోకి వచ్చిన తొలి వ్యాధి

1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, కలెక్టరుకు గవర్నరు ఏజెంటు హోదా కల్పించి అతని చేతికి అప్పగించింది. ఏజెన్సీ అన్న పేరు అలా వచ్చింది. 1874 నాటి షెడ్యూల్డు జిల్లాల చట్టం ఈ ప్రత్యేకస్థితిని మరింత స్థిరపరచింది. ఈ పాలనలో కొండవాసి ఆరోగ్యం ప్రత్యేకాంశం కాదు. కొండకు వెళ్లిన అధికారి, సిపాయి, కూలీల ఆరోగ్యమే అంశం. కార్మైకేల్ 1869లో వెలువరించిన విశాఖపట్నం జిల్లా మాన్యువలు గాని, ఫ్రాన్సిస్ 1907లో వెలువరించిన జిల్లా గెజిటీరు గాని చదివేవారికి కొండలు మొదట జ్వరభూమిగానే ఎదురవుతాయి. 1879-80 నాటి రంప తిరుగుబాటు కాలంలోనూ, 1922-24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన సాగిన పోరాటకాలంలోనూ కొండల్లోకి దిగిన దళాలకు జ్వరం పెద్ద అవరోధమైంది. సర్కారు పని ఆగినప్పుడు సర్కారుకు వ్యాధి కనిపించింది.

20వ శతాబ్దిలో ఈ దృష్టి శాస్త్రీయరూపం దాల్చింది. అప్పటికి విశాఖపట్నం జిల్లాలో భాగమైన జయపురం కొండల మలేరియాపై పెర్రీ 1914లో పరిశోధనావ్యాసం ప్రకటించాడు. 1930లలో బెంగాల్ నాగపూర్ రైల్వే మలేరియా నిపుణుడు సీనియర్ వైట్ అదే కొండల్లో వ్యాధివ్యాప్తి మార్గాన్ని, దోమజాతులను పరిశీలించాడు. రైల్వే సంస్థ మలేరియా నిపుణుణ్ణి నియమించుకోవడమే ఆ పరిశోధన ప్రయోజనాన్ని సూచిస్తుంది.

ఇక్కడ పద్ధతి విషయమై ఒక అంశాన్ని గుర్తుంచుకోవాలి. నాటి మలేరియా పరిశోధకులకు ప్రధానమైన కొలమానం ప్లీహపు రేటు. ఊరికి వెళ్లి, పిల్లలను వరుసగా నిలబెట్టి, చేత్తో పొట్ట తడిమి, ఎందరికి ప్లీహం పెరిగిందో లెక్కించడమే ఆ పద్ధతి. ఆసుపత్రి లేనిచోట, మరణనమోదు లేనిచోట కూడా అది పనిచేసింది. రోగి రాకకోసం కూర్చోక, పరీక్షకుడే గడపకు వెళ్లడం దాని బలం. అయితే అందులో పేర్లు లేవు. ఊరి రేటు తెలిసింది గాని, ఊళ్లోని మనిషి తెలియలేదు.

4. పేరు, వయస్సు, మరణం: 1969 ప్రాధాన్యం

మైదానప్రాంతంలో గ్రామమునసబు, కరణం అనే వ్యవస్థ జనన మరణాల నమోదుకు కూడా ఆధారమైంది. ప్రతి రైతు పేరు మీద పట్టా, పన్ను ఉండే రైత్వారీలో పాలకులకు వ్యక్తి పేరు అవసరం. గూడెం, రంప మొదలైన కొండప్రాంతాల్లో ముఠాదారీ పద్ధతి ఉండేది. ముఠాదారు సర్కారుకు చెల్లించే కట్టుబడి మొత్తం ముఠాకు పడిందే గాని, అందులోని ఒక్కొక్క మనిషికి పడింది కాదు. కాబట్టి ముఠాలోని మనుషుల పేర్లు సర్కారుకు చేరవలసిన అవసరం కలగలేదు. వ్యాధినమోదుకు ముందు పన్నునమోదు ఉంటుందన్న సంగతి మన్యం విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ సందర్భంలో 1969వ సంవత్సరం గమనింపదగింది. జనన మరణాల నమోదును దేశమంతటా తప్పనిసరి చేసిన కేంద్రచట్టం ఆ ఏడాదిదే. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల్లో ముఠాలను రద్దుచేసి రైత్వారీగా మార్చిన రెగ్యులేషనూ ఆ ఏడాదిదే. ఒకటి మరణాన్ని, మరొకటి భూమిని వ్యక్తి పేరుతో ముడిపెట్టాయి. వాటి అమలు కొండల్లో నెమ్మదిగా సాగినప్పటికీ, మన్యంలో వ్యక్తి ఆధారిత నమోదుకు చట్టబద్ధమైన పునాది అప్పుడే పడిందని చెప్పవచ్చు.

వయస్సు మాత్రం ఈనాటికీ చిక్కుముడిగానే ఉంది. భారత జనాభా లెక్కల్లో వయస్సులు 50, 55, 60 వంటి సున్నా, అయిదు అంకెల వద్ద పోగుపడటం జనాభాశాస్త్రజ్ఞులకు తెలిసిన విషయం. జననపత్రం లేని తరంలో వయస్సు అంచనా మాత్రమే. పార్కిన్సన్స్ వ్యాధి అవకాశం వయస్సుతోపాటు పెరుగుతుంది. కాబట్టి 58 ఏళ్ల వ్యక్తిని 70గా రాసుకుంటే, వైద్యునికి అందవలసిన ఒక సూచన ముసలితనంగా కొట్టివేతకు గురవుతుంది. మరణకారణం సంగతీ అంతే. ఈ వ్యాధి ఉన్నవారు తరచుగా న్యుమోనియాతోనో, జారిపడటం వల్ల కలిగిన చిక్కులతోనో మరణిస్తారు. పత్రంలో చివరి కారణమే మిగులుతుంది, అసలు వ్యాధి మరుగున పడుతుంది.

5. గోడమీది తేదీ నుంచి పేరుగల పట్టిక వరకు

స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వ ఆరోగ్యకార్యకర్త ఇంటింటికీ వెళ్లే సంప్రదాయాన్ని బలంగా నాటింది మలేరియా కార్యక్రమమే. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. కార్యకర్త నిర్ణీత వ్యవధిలో ఇంటికి వచ్చి, జ్వరమున్నవారి రక్తపుచుక్క గాజుపలకపై తీసుకొని, గోడమీది అచ్చుగడిలో తేదీ వేసి వెళ్లేవాడు. కొండ ఇంటి మట్టిగోడ మీద ఆరోగ్యశాఖ రాసిన మొదటి రాత ఆ తేదీయే అనుకోవచ్చు. అయితే అతడు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇంట్లో ఎవరికైనా జ్వరముందా? అరుగుమీద చేయి వణుకుతూ కూర్చున్న వృద్ధునికి ఆ ప్రశ్న వర్తించదు. కార్యకర్త లోపం అది కాదు. పత్రంలో గడి లేనిదాన్ని చూసినా రాసే వీలు లేదు.

కుష్ఠువ్యాధి కార్యక్రమం మరొక మెట్టు ఎక్కింది. 1955లో నియంత్రణ కార్యక్రమంగా మొదలై, 1983లో నిర్మూలన కార్యక్రమంగా మారిన ఈ పథకంలో రోగి పేరుతో చికిత్సాపత్రం ఏర్పడింది. బహుళౌషధ చికిత్స నెలసరి మందుపలకలుగా వచ్చేది. నమోదైన రోగుల సంఖ్యనుబట్టి మందు కోరడం, సరఫరా చేయడం జరిగేవి. పట్టికలో పేరు చేరితే మందు చేరుతుందన్న సూత్రం అలా స్థిరపడింది.

అదే కార్యక్రమం ఒక హెచ్చరికను కూడా మిగిల్చింది. పదివేల మందికి ఒక్క రోగి కంటే తక్కువ అన్న ప్రమాణాన్ని అనుసరించి 2005 డిసెంబరులో జాతీయస్థాయిలో కుష్ఠువ్యాధిని ప్రజారోగ్య సమస్యగా తొలగించినట్లు ప్రకటించారు. ఆ ప్రమాణంలో లెక్కించేది చికిత్స పొందుతున్నవారినే. చికిత్స ముగిసినవారి పేరు కొట్టివేస్తారు. వంకరపోయిన వేళ్లు, స్పర్శ కోల్పోయిన పాదాలు ఆ తరువాత కూడా ఉంటాయి. తరువాత ఇంటింటి అన్వేషణ తగ్గింది. 2016 నుంచి ప్రత్యేక అన్వేషణ ఉద్యమాలు చేపట్టవలసి రావడం, పట్టికలో తగ్గినంతగా వ్యాధి తగ్గలేదనడానికి నిదర్శనం. చికిత్స ముగింపు అంటూ లేని పార్కిన్సన్స్ వంటి వ్యాధికి, పేరు కొట్టివేతతో సంఖ్య తగ్గించే పద్ధతి ఏమాత్రం తగదు.

క్షయ విషయంలో 2012 కీలకమైన సంవత్సరం. ఆ ఏడాది మే నెలలో క్షయను తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించారు. నిక్షయ్ పేరుతో ఎలక్ట్రానిక్ నమోదు కూడా ఆ ఏడాదే మొదలైంది. ప్రైవేటు వైద్యుడు చూసిన రోగి కూడా ప్రభుత్వ పట్టికలోకి రావాలన్న నియమం ఇక్కడ ముఖ్యం. వైద్యుని వద్దకు చేరిన ప్రతి రోగినీ లెక్కించాలన్న సూత్రానికి ఇది ఆధారం.

6. సికిల్ సెల్: సోకని వ్యాధికి తొలిచోటు

పైన చెప్పిన వ్యాధులన్నీ సూక్ష్మజీవుల వల్ల కలిగేవి. సోకని వ్యాధికి గిరిజన ప్రాంతాల్లో ఇంత విస్తారమైన వ్యక్తిగత నమోదు సికిల్ సెల్ రక్తహీనతతోనే వచ్చింది. భారతదేశంలో ఈ వ్యాధిలక్షణాన్ని 1952లో లేమన్, కట్‌బుష్ నీలగిరి కొండల గిరిజనుల్లో గుర్తించారు. తరువాతి దశాబ్దాల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయ మానవశాస్త్ర పరిశోధకులు తూర్పు కనుమల గిరిజన తెగల రక్తనమూనాలను పరీక్షించి, ఈ జన్యువు ఇక్కడ ఉందని వెల్లడించారు. అవి పరిశోధనాపత్రాలుగా మిగిలాయి గాని, రోగుల పట్టికగా మారడానికి చాలాకాలం పట్టింది.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాహ్‌డోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ప్రారంభమైంది. 2047 నాటికి వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా తొలగించడం లక్ష్యం. 40 ఏళ్లలోపు వయస్సుగల ఏడుకోట్ల మందిని పరీక్షించడం, ఫలితాన్ని పోర్టల్‌లో నమోదుచేయడం, వ్యక్తికి కార్డు ఇవ్వడం ఇందులోని పనులు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లా వంటి గిరిజన జిల్లాల్లో ఈ కార్యక్రమం గూడెం స్థాయికి చేరవలసినదే.

దీనినుంచి మూడు విషయాలు గ్రహించవచ్చు. ఒకటి, వ్యాధి సోకదన్న కారణంగా దాన్ని వదిలేయనక్కరలేదని ప్రభుత్వం అంగీకరించింది. రెండు, నమోదుకు ఒక సులభమైన పరీక్ష ఆధారమైంది. రక్తపుచుక్కతో మొదటి వడపోత, ప్రయోగశాలలో నిర్ధారణ అనే రెండంచెల పద్ధతి మారుమూలలకు కూడా సరిపోయింది. మూడు, వయోపరిమితి 40 ఏళ్ల వద్ద ఆగింది. జన్యువ్యాధి విషయంలో అది సహేతుకమే. కాని మన్యంలో ఏర్పడిన అత్యంత విస్తృతమైన వ్యక్తిగత ఆరోగ్యపట్టిక, పార్కిన్సన్స్ సాధారణంగా మొదలయ్యే వయస్సుకు ముందే ముగుస్తుంది.

7. పార్కిన్సన్స్: చూసి గుర్తించవలసిన వ్యాధి

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో వణుకువాతంపై వెలువరించిన చిన్న గ్రంథంలో ఆరుగురు రోగులను వర్ణించాడు. వారిలో కొందరు అతని వద్దకు వైద్యానికి వచ్చినవారు కారు, వీధిలో కనిపించినవారు. నడకను, వంగిన భంగిమను, చేతివణుకును చూసి అతడు వ్యాధిని గుర్తించాడు. రెండు శతాబ్దాలు గడిచినా ఈ వ్యాధి నిర్ధారణ ప్రధానంగా వైద్యుని కంటిచూపు, చేతిస్పర్శల మీదనే ఆధారపడి ఉంది. విశ్రాంతిలో ఉన్నప్పటి వణుకు, కదలికల్లో మందగమనం, కండరాల బిగువు, నడకలో తూలు అన్నవి ముఖ్యలక్షణాలు. రక్తపరీక్షతో నిత్యవ్యవహారంలో తేల్చగలిగేది కాదు. వణుకు ఉన్నవారందరికీ ఈ వ్యాధి ఉండదు, ఈ వ్యాధి ఉన్నవారందరికీ వణుకు ఉండదు. అందువల్ల దీనికి శిక్షణ పొందిన కన్ను కావాలి.

భారతదేశంలో దీనిపై జరిగిన ఇంటింటి సర్వేలు పద్ధతిరీత్యా విలువైనవి. ముంబయి పార్శీ సమాజంలో భరూచా బృందం 1988లో ప్రకటించిన అధ్యయనం లక్షకు దాదాపు 328 మంది రోగులను చూపింది. కశ్మీరు గ్రామీణ ప్రాంతంలో రజ్దాన్ బృందం 1994లో ప్రకటించిన అధ్యయనంలో అది దాదాపు 14. బెంగళూరు పరిసరాల్లో గౌరీదేవి బృందం లక్షకు పైగా జనాభాను పరిశీలించి 2004లో ప్రకటించిన అధ్యయనంలో దాదాపు 33. పార్శీ సమాజంలో వృద్ధులు ఎక్కువ కనుక ఈ అంకెలను నేరుగా పోల్చరాదు. బెంగళూరు అధ్యయనంలో పట్టణం కంటే పల్లెల్లో రేటు ఎక్కువగా కనిపించడం మాత్రం గమనార్హం. నాగరికజీవనపు వ్యాధిగా దీన్ని పక్కన పెట్టడానికి వీల్లేదని ఆ ఫలితం హెచ్చరిస్తుంది.

సర్వే ఒక కాలబిందువులోని చిత్రం. రిజిస్ట్రీ కొనసాగే చరిత్ర. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం 1996లో పార్కిన్సన్స్ రిజిస్ట్రీకి చట్టం చేసింది. కాలిఫోర్నియా 2004లో చట్టం చేసినా, వైద్యులు విధిగా నివేదించడం 2018 జూలై 1 నుంచి గాని మొదలుకాలేదు. సంపన్న రాష్ట్రంలో కూడా చట్టానికీ ఆచరణకూ మధ్య పద్నాలుగేళ్లు పట్టింది. పైగా ఆ పద్ధతి వైద్యుడు నివేదించడంపై ఆధారపడింది. నాడీవైద్యుడే అందుబాటులో లేని కొండప్రాంతంలో ఆ నమూనాను యథాతథంగా దింపుకుంటే, పట్టిక ఖాళీగా ఉంటుంది. ఖాళీపట్టికను చూసి వ్యాధి లేదనుకునే ప్రమాదం ఉంది. పట్టిక లేకపోవడం కంటే అది హానికరం.

8. నేటి పత్రాల్లో దాగిన చోట్లు

మన్యంలో పార్కిన్సన్స్‌కు దగ్గరగా వచ్చే ప్రభుత్వపత్రాలు ఇప్పటికే రెండున్నాయి. మొదటిది జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో ఆశా కార్యకర్త నింపే సీబ్యాక్ పత్రం. 30 ఏళ్లు దాటినవారికి ఉద్దేశించిన ఈ పత్రంలో 60 ఏళ్లు దాటినవారికి ప్రత్యేక ప్రశ్నలున్నాయి. నిలబడినప్పుడు, నడిచేటప్పుడు తూలు వస్తోందా, రోజువారీ పనులకు ఇతరుల సాయం కావాలా అన్నవి వాటిలో చేరతాయి. ఈ ప్రశ్నలు ఒక వ్యాధిని ఉద్దేశించినవి కావు. అయినా గూడెంలోని వృద్ధుని నడకను గురించి అడిగే గడి ఒకటి ప్రభుత్వపత్రంలోకి వచ్చింది. మలేరియా కార్యకర్తకు లేని గడి ఆశా కార్యకర్తకు ఉంది.

రెండవది వికలాంగుల హక్కుల చట్టం. 1995 చట్టంలో ఏడు వైకల్యాలే ఉండగా, 2016 చట్టం వాటిని 21కి పెంచి, పార్కిన్సన్స్ వ్యాధిని పేరుపెట్టి చేర్చింది. వైకల్య గుర్తింపు కార్డు ద్వారా ఈ వ్యాధిగ్రస్తుడు పేరుతో సహా ప్రభుత్వ పట్టికలోకి రావడానికి చట్టబద్ధమైన మార్గం ఏర్పడింది. అయితే ప్రధాన ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం ప్రమాణం. అంటే వ్యాధి బాగా ముదిరాకనే పేరు చేరుతుంది. మందు ఎక్కువగా ఉపకరించే తొలి సంవత్సరాల్లో రోగి పట్టికలో ఉండడు, మందు ఫలితం తగ్గే దశలో ఉంటాడు.

ఈ రెండు పత్రాల మధ్య ఉన్న ఖాళీయే రిజిస్ట్రీ స్థానం. ఒకటి అనుమానాన్ని, మరొకటి ముదిరిన దశను నమోదు చేస్తున్నాయి. మధ్యలో ఉండవలసిన నిర్ధారణ, చికిత్స, పునఃపరీక్ష ఏ పత్రంలోనూ వ్యక్తి పేరుతో ఒకచోట చేరడం లేదు.

భాష కూడా ఇక్కడ పరిగణించవలసిన అంశం. అరకు, పాడేరు ప్రాంతాల్లో తెలుగుతోపాటు ఆదివాసీ ఒడియా, కువి, కొండ భాషలు వ్యవహారంలో ఉన్నాయి. తూలు, బిగువు, మందగమనం అన్న భావాలను ఆ భాషల్లో ఎలా అడగాలన్నది భాషాశాస్త్ర పరిశోధకులు, ఆశా కార్యకర్తలు కలిసి తేల్చవలసిన పని. ప్రశ్న అర్థం కాకపోతే జవాబు లేదు అని పడుతుంది, ఆ లేదే గణాంకమవుతుంది.

9. దూలగొండి, మాంగనీసు: రిజిస్ట్రీ జవాబివ్వగల ప్రశ్నలు

లెక్కించడం వల్ల రోగికి ఒరిగేదేమిటన్న ప్రశ్న న్యాయమైనది. దానికి మొదటి జవాబు మందు. పార్కిన్సన్స్‌కు నేటికీ ప్రధానౌషధమైన లీవోడోపా రసాయనాన్ని దూలగొండి గింజల నుంచి వేరుచేసిన పరిశోధనను దామోదరన్, రామస్వామి 1937లో మద్రాసు నుంచి ప్రకటించారు. అరకు అప్పటికి మద్రాసు రాష్ట్రంలో భాగం. దూలగొండి తూర్పు కనుమల అడవుల్లో పెరిగే తీగ. దాన్ని పార్కిన్సన్స్‌కు ఔషధంగా ప్రపంచం గుర్తించింది 1960లలో. మందు మూలద్రవ్యం పెరిగే కొండల్లో, ఆ మందు అవసరమైన మనిషి పేరు ఏ పట్టికలోనూ లేకపోవడం చరిత్రలోని వైపరీత్యం. గింజను నేరుగా తినడం చికిత్స కాదు. మోతాదు తెలిసిన మాత్ర ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో ఉండాలి. ఎన్ని మాత్రలు కావాలో చెప్పగలిగేది పట్టిక మాత్రమే. కుష్ఠువ్యాధి చరిత్ర నేర్పిన పాఠం ఇదే.

రెండవ జవాబు కారణాల అన్వేషణ. మాంగనీసు ధూళిని ఎక్కువకాలం పీల్చినవారిలో పార్కిన్సన్స్‌ను పోలిన లక్షణాలు కలగడాన్ని కూపర్ 1837లోనే వర్ణించాడు. భారతదేశంలో మాంగనీసు తవ్వకాలు 1890ల ఆరంభంలో మొదలైంది నాటి విశాఖపట్నం జిల్లాలో, ఈ కొండల దిగువన ఉన్న విజయనగరం ప్రాంతంలోనే. గనిపనికి వెళ్లినవారికి, వెళ్లనివారికి మధ్య భేదముందా అన్న ప్రశ్నకు ఒక్కసారి చేసే సర్వే జవాబివ్వలేదు. వ్యక్తి వృత్తిచరిత్రను కూడా నమోదుచేసే రిజిస్ట్రీ ఇవ్వగలదు.

పరిమాణం విషయంలో భయపడనక్కరలేదు. 2022లో ఏర్పడినప్పటి సరిహద్దులతో అల్లూరి సీతారామరాజు జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం సుమారు 9.5 లక్షలు. బెంగళూరు అధ్యయనపు సగటును కేవలం ఉదాహరణకోసం అన్వయిస్తే దాదాపు 300 మంది తేలతారు. వయోవిభజననుబట్టి అసలు సంఖ్య మారవచ్చు. ఎటు మారినా, ఒక జిల్లా వ్యవస్థ పేరుపేరునా ఎరిగి ఉండగలిగినంత చిన్న సంఖ్యే అది.

10. ముగింపు

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి:

1. మన్యంలో వ్యాధి రికార్డుకెక్కిన క్రమం రోగి బాధను అనుసరించింది కాదు. మొదట పాలకుని పనికి కలిగిన ఆటంకాన్ని, తరువాత అంటువ్యాధి భయాన్ని, ఇటీవల పరీక్షకు లొంగే లక్షణాన్ని అది అనుసరించింది. ఈ మూడూ పార్కిన్సన్స్‌కు వర్తించవు కనుక అది బయటే మిగిలింది.

2. రిజిస్ట్రీకి మూలమైన పేరు, వయస్సు, మరణం అనే వివరాలకు మన్యంలో చట్టపునాది 1969లో పడింది. మైదానంతో పోలిస్తే ఇది చాలా ఆలస్యం. కాబట్టి కొండ రికార్డుల్లో వ్యాధి కనిపించకపోవడాన్ని వ్యాధి లేకపోవడంగా పరిశోధకులు వ్యాఖ్యానించరాదు.

3. మన్యానికి తగిన రిజిస్ట్రీ వైద్యుని నివేదికతో కాక గడపవద్ద మొదలు కావాలి. సీబ్యాక్ పత్రంలో నడక, తూలు గురించి ఔనన్న జవాబు వచ్చిన ప్రతివారినీ రెండవ అంచెలో నాడీవైద్య బృందం పాడేరు, అరకు వంటి కేంద్రాల్లో పరీక్షించడం ఆచరణీయమైన మార్గం. ప్లీహపు రేటు, సికిల్ సెల్ పరీక్షల చరిత్ర దీన్ని సమర్థిస్తుంది.

4. చికిత్స ముగింపు లేని వ్యాధి కనుక మరణం లేదా వలస వల్ల తప్ప పేరు తొలగించరాదు. రోగి అనుమతి, వివరాల గోప్యత విషయంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం స్ఫూర్తిని పాటించాలి.

ఏజెన్సీ రికార్డుల్లో కొండవాసి మొదట కట్టుబడిలో ఒక భాగంగా, తరువాత ప్లీహపు రేటులో ఒక అంకెగా, ఆపైన గాజుపలకపై ఒక సంఖ్యగా నమోదయ్యాడు. పేరుతో, వయస్సుతో, వృత్తితో, తన వ్యాధితో ఒక పూర్తి వ్యక్తిగా నమోదు కావడం ఇంకా మిగిలి ఉంది. చేయి వణికే వృద్ధుని పేరు రాసుకున్న నాడు ఆ చరిత్రలో మరొక మెట్టు పూర్తవుతుంది. ఆ పేరు వెనుకనే ఆరోగ్యకేంద్రానికి మాత్ర కూడా చేరాలి. అప్పుడే ఆ నమోదుకు సార్థకత.